ఆ 2,160 ఎక్కడిది? రిఫరెన్సులు మారకుండా కాపీ చేసిన ఒక షీటు: కేస్ స్టడీ

ఫైలు నా దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. మర్నాడు పొద్దున్నే మీటింగు. పంపిన సహోద్యోగి ఫోన్లో చెప్పింది ఒకటే మాట: "అంతా సరిపోయిందండీ, ఒకసారి పైపైన చూసి పంపేయండి చాలు." మీటింగుకు వెళ్లే ఎక్సెల్ షీట్లను చివరిసారి సరిచూడటం నా పని. అందుకే ఎప్పుడూ చేసేదే చేశాను. షీటులోని రెండు ప్రతిపాదనల్లో కొత్తదాని మొదటి వరుసను కాగితం మీద లెక్కేశాను. షీటులో 1,43,440 ఉంది. కాగితం మీద 1,45,600 వచ్చింది.

తేడా 2,160. అది ఒక్క వరుసలోనే. అలాంటి వరుసలు 40 ఉన్నాయి. షీటులో ఎక్కడా ఎర్రర్ లేదు, ఎర్ర గుర్తు లేదు, మొత్తాలు చక్కగా ఫార్మాట్ అయి ఉన్నాయి.

ఫార్ములాలను రిఫరెన్సులు (ఫార్ములాలో వేరే సెల్స్‌ని చూపించే మాటలు) మారకుండా కాపీ చేయడం ఎలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. ఆవిడకి ఆ కిటుకు తెలుసు. రిఫరెన్సులు ఒక్కటి కూడా మారకుండా కాపీ చేశారు. తప్పు సరిగ్గా అక్కడే దూరింది. అందుకే ఈ షీటు గురించి మొదటి నుంచీ రాస్తున్నాను. సెల్ పేర్లను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. షీటులో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే టైపు చేయాలి.

షీటు ఇలా ఉండేది

40 పనుల ఖర్చు అంచనా అది. 6వ వరుస నుంచి 45వ వరుస దాకా ఒక్కో పనికి ఒక్కో వరుస. ఎ కాలమ్‌లో పని పేరు, బి లో ఒక్కొక్కరు పెట్టాల్సిన గంటలు, సి లో మనుషుల సంఖ్య, డి లో సామగ్రి ఖర్చు. పైన బి2 లో గంట రేటు, బి3 లో ఓవర్‌హెడ్ (పరోక్ష ఖర్చుల) శాతం. లెక్క జరిగేది ఎఫ్ నుంచి ఐ దాకా ఉన్న నాలుగు కాలమ్‌లలో (డాలర్ గుర్తు తన వెనకున్న అక్షరాన్ని లేదా అంకెని కాపీలో మారకుండా పట్టి ఉంచుతుంది):

ఎఫ్6: =బి6*సి6 (మొత్తం గంటలు)
జి6: =ఎఫ్6*$బి$2 (కూలి ఖర్చు)
హెచ్6: =(జి6+డి6)*$బి$3 (ఓవర్‌హెడ్)
ఐ6: =డి6+జి6+హెచ్6 (పని మొత్తం)

ఐ46 లో =సమ్(ఐ6:ఐ45). దాని కింద 47వ వరుసలో, ఆ మొత్తాన్ని కామాలతో చూపించే ఒక వాక్యం, టెక్స్ట్ ఫంక్షన్‌తో.

మొదటి పని అంకెలు: 120 గంటలు, 3 మనుషులు, సామగ్రి 40,000. రేటు 200, ఓవర్‌హెడ్ 10 శాతం. అంటే 360 గంటలు, కూలి 72,000, ఓవర్‌హెడ్ 11,200, మొత్తం 1,23,200. ఇంతవరకూ షీటు శుభ్రంగా ఉంది.

మీటింగులో రెండో ప్రతిపాదన కూడా చూపించాలన్నారు. రేటు 250, ఓవర్‌హెడ్ 12 శాతం అయితే ఎంతవుతుందని. కొత్త రేట్లు సి2, సి3 లలో పెట్టారు. ఇదే లెక్క బ్లాకు పక్కన, కె నుంచి ఎన్ దాకా, ఇంకోసారి కావాలి. రెండూ అవే గంటలు, అదే సామగ్రి చదవాలి, రేట్లు మాత్రం వేరు.

మూడు ప్రయత్నాలు

మొదట మామూలుగా కాపీ చేసి కె6 లో పేస్ట్ చేశారట. కె6 లో 80,64,00,000 గంటలు కనిపించాయి. బ్లాకు ఐదు కాలమ్‌లు కుడికి జరిగింది కాబట్టి =బి6*సి6 కాస్తా =జి6*హెచ్6 అయింది. కూలి ఖర్చుని ఓవర్‌హెడ్‌తో గుణించి అదే గంటల సంఖ్య అని చూపించింది. 72,000 ని 11,200 తో గుణిస్తే వచ్చేది అదే. కంట్రోల్ జెడ్ కొట్టేశారు.

రెండోసారి డాలర్లు. ఎఫ్6 లోకి వెళ్లి ఎఫ్4 మీట నొక్కుతూ అన్నిటికీ రెండు వైపులా డాలర్ పెట్టారు: =$బి$6*$సి$6. పక్కకి కాపీ బాగానే వచ్చింది. కిందికి లాగేసరికి 40 వరుసల్లోనూ 360 గంటలే. అది కూడా వెనక్కి తీసేశారు.

మూడోది ఎక్కడో నేర్చుకున్న కిటుకు, నేనూ వాడేదే. బ్లాకుని సెలెక్ట్ చేసి, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో సమానం గుర్తుని హ్యాష్ (#) గా మార్చాలి. సమానం గుర్తు పోయింది కాబట్టి ఎక్సెల్‌కి అవి ఫార్ములాలు కావు, వట్టి అక్షరాలు. అక్షరాలను కాపీ చేస్తే ఏమీ జరగవు. పేస్ట్ చేశాక రెండు చోట్లా హ్యాష్‌ని తిరిగి సమానంగా మార్చాలి. ఆవిడ అలాగే చేశారు, మధ్యలో కొత్త బ్లాకులో $బి$ ని $సి$ గా మార్చి కొత్త రేట్లు తగిలించారు.

అప్పుడు రెండు ప్రతిపాదనల మధ్య తేడా సున్నా అని వచ్చింది. ఎన్46 తెరిస్తే అది ఇంకా ఐ కాలమ్‌నే కూడుతోంది. సరిచేశారు. ఇంకా సున్నానే. ఎన్6 తెరిస్తే =డి6+జి6+హెచ్6 అని పాత బ్లాకునే చదువుతోంది. దాన్ని =డి6+ఎల్6+ఎం6 గా మార్చి కిందికి లాగారు. ఇప్పుడు తేడా కనిపించింది. అంకె కూడా నమ్మేలా ఉంది. దాంతో ఆవిడ టెన్షన్ తగ్గింది, ఫైలు నాకు వచ్చింది.

మిగిలిపోయింది ఎం కాలమ్. అందులో =(జి6+డి6)*$సి$3 అని ఉంది. కొత్త ఓవర్‌హెడ్ శాతం, కానీ పాత కూలి ఖర్చు మీద. 90,000 మీద లెక్క కట్టాల్సింది 72,000 మీద కట్టింది. మధ్యలోని 18,000 కి 12 శాతం ఎంతో చూడండి: 2,160.

పరీక్ష ఎందుకు పట్టుకోలేదు

ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. ఆవిడ పరీక్షించకుండా పంపలేదు. "సి2 లో, సి3 లో కూడా పాత రేట్లే పెట్టి చూశానండీ, రెండు మొత్తాలూ ఒక్కటే వచ్చాయి" అన్నారు. చూడ్డానికి అది మంచి పరీక్షే. కానీ కొత్త బ్లాకు పాత బ్లాకు నుంచి అంకెలు లాక్కుంటోందా లేదా అనేది ఆ పరీక్షకి తెలియదు. రేట్లు సమానమైతే జి6 లోనూ ఎల్6 లోనూ 72,000 ఉంటుంది. ఎం6 ఏ సెల్‌ని చదివినా జవాబు ఒక్కటే. తప్పు ఉన్న చోటే దాని మీద ముసుగు పడుతుంది.

నేను చేసే పరీక్ష వేరు. కొత్త బ్లాకుతో సంబంధం లేని సెల్‌ని మార్చి, ఆ బ్లాకు కదలకుండా ఉందా అని చూస్తాను. పాత రేటు బి2 ని 200 నుంచి 300 చేశాను. కొత్త ప్రతిపాదనలో ఒక్క అంకె కూడా మారకూడదు. ఎం కాలమ్ మొత్తం మారింది, దాంతో ఎన్ కూడా. ఎక్కడ లీకేజీ ఉందో పది సెకన్లలో తెలిసిపోయింది. ఆ తర్వాత సెల్ మీద ఎఫ్2 నొక్కితే అది చదివే సెల్స్ చుట్టూ రంగు గీతలు వస్తాయి కదా, ఎం6 లో నొక్కితే ఒక రంగు గీత కొత్త బ్లాకు బయట, జి6 చుట్టూ వచ్చింది.

40 వరుసలకీ అలా ఎఫ్2 కొట్టడం కుదరదు. అలాంటప్పుడు ఆప్షన్స్‌లో ఫార్ములాస్ కింద ఉండే ఆర్1సి1 పద్ధతిని ఆన్ చేస్తాను. అందులో సెల్ పేరు బదులు దూరం కనిపిస్తుంది. హెచ్6 లో కూలి ఖర్చు రిఫరెన్సు ఆర్‌సి[-1] అని ఉంది, అంటే 'నా ఎడమ పక్క సెల్'. ఎం6 లో అదే చోట ఆర్‌సి[-6]. పక్క సెల్‌ని చదవాల్సింది ఆరు కాలమ్‌లు వెనక్కి వెళ్లింది.

ఈ పద్ధతిలో చూస్తే ఇంకొకటి కూడా తెలుస్తుంది. మొదటి ప్రయత్నంలో 80 కోట్లు వచ్చినప్పుడు 'ఎక్సెల్ ఫార్ములా మార్చేసింది' అనుకున్నారు ఆవిడ. ఎఫ్6 లో ఉన్న సూచన ఆర్‌సి[-4]*ఆర్‌సి[-3]. కె6 లో పేస్ట్ అయినదీ అక్షరం పొల్లు పోకుండా అదే. డాలర్ లేని రిఫరెన్సు అంటే ఒక సెల్ పేరు కాదు, ఇక్కడి నుంచి ఎన్ని అడుగులు వెయ్యాలో చెప్పే మాట. మనం నిలబడ్డ చోటు మారితే అవే అడుగులు వేరే గుమ్మానికి తీసుకెళ్తాయి. ఇది మనసుకి ఎక్కితే డాలర్ ఎక్కడ పెట్టాలో ఎవరినీ అడగక్కర్లేదు.

1979 లో వచ్చిన విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం దీన్ని నేరుగా అడిగేది. ఫార్ములాని వేరే సెల్స్‌లోకి కాపీ చేస్తుంటే, అందులోని ఒక్కో రిఫరెన్సు దగ్గర ఆగి, దీన్ని మార్చకుండా ఉంచాలా, చోటుని బట్టి మార్చాలా అని ఒక్కో అక్షరంతో జవాబు తీసుకునేది. తర్వాత 1983 నాటి లోటస్ 1-2-3 లో ఆ జవాబు డాలర్ గుర్తుగా ఫార్ములాలోనే ఉండేది. పని వేగం పెరిగింది, నిజమే. కానీ ఒక్కో రిఫరెన్సు దగ్గరా ఆగి ఆలోచించే అలవాటు పోయింది. ఈ షీటుకి కావలసింది సరిగ్గా ఆ ప్రశ్నే. గంటలు, మనుషులు, సామగ్రి కదలకూడదు. కూలి, ఓవర్‌హెడ్, మొత్తం బ్లాకుతో పాటు కదలాలి. మామూలు కాపీ అన్నిటినీ కదిలించింది. హ్యాష్ కిటుకు అన్నిటినీ ఆపేసింది. రెండూ సగం సరైనవే.

ఎలా సరిచేశాను

కె నుంచి ఎన్ దాకా ఉన్నదంతా తీసేశాను. అక్కడక్కడ అతుకులు వేస్తే ఎల్6 లాంటివి మిగిలిపోతాయి. అది =ఎఫ్6*$సి$2 అని పాత బ్లాకు గంటలనే చదువుతోంది. గంటలు రెండు చోట్లా ఒకటే కాబట్టి జవాబు ఒప్పే. కానీ రేపు ఎవరైనా పాత ప్రతిపాదన వద్దని ఆ కాలమ్‌లు డిలీట్ చేస్తే కొత్తదానిలో ఎల్ నుంచి ఎన్ దాకా రెఫ్ ఎర్రర్‌తో (చదవాల్సిన సెల్ లేదని చెప్పేది) నిండిపోతుంది.

తర్వాత అసలు బ్లాకులో మొదటి వరుస మాత్రం మార్చాను. డేటా కాలమ్‌ల అక్షరం ముందు ఒక్క డాలర్, అంకె ముందు ఏమీ లేదు:

ఎఫ్6: =$బి6*$సి6
జి6: =ఎఫ్6*$బి$2
హెచ్6: =(జి6+$డి6)*$బి$3
ఐ6: =$డి6+జి6+హెచ్6

ఇలా పెడితే పక్కకి వెళ్లినా బి, సి, డి కదలవు, కిందికి లాగితే వరుస మారుతుంది. ఎఫ్4 మీట వరసగా నొక్కితే మూడోసారికి ఈ రూపం వస్తుంది. లాప్‌టాప్‌లో కొన్నిటికి ఎఫ్‌ఎన్ మీట కూడా కలిపి నొక్కాలి. 45 దాకా లాగి, మొత్తం 1,23,200 లాంటి పాత అంకెలు ఒక్కటీ మారలేదని చూసుకున్నాక, మామూలు కంట్రోల్ సి, కంట్రోల్ వి. ఎల్6 దానంతట అదే =కె6*$బి$2 అయింది. ఎం6 =(ఎల్6+$డి6)*$బి$3 అయింది. ఎన్46 తన కాలమ్‌నే కూడింది.

చివరగా కొత్త బ్లాకు మాత్రం సెలెక్ట్ చేసి $బి$ ని $సి$ గా రీప్లేస్ చేశాను. రెండో డాలర్ కూడా కలిపి వెతకడం ముఖ్యం. $బి అని మాత్రమే వెతికితే $బి6 లోని గంటలు కూడా సి కాలమ్‌కి వెళ్లిపోయేవి. ఎన్6 లో 1,45,600. బి2 ని 300 చేశాను, కొత్త బ్లాకు కదల్లేదు. సి2 ని మార్చాను, పాత బ్లాకు కదల్లేదు. రెండిటినీ తిరిగి పాత విలువలకి తెచ్చి సేవ్ చేశాను.

47వ వరుసలోని వాక్యం మాత్రం రెండు బ్లాకుల్లోనూ చెడిపోయి ఉంది. హ్యాష్ కిటుకు చేసిన నష్టం అది. టెక్స్ట్ ఫంక్షన్‌లో "#,##0" అనే ఫార్మాట్ ఉంది. తిరుగు ప్రయాణంలో దానిలోని హ్యాష్‌లు కూడా సమానం గుర్తులై "=,==0" అయింది. ఎర్రర్ రాలేదు, మొత్తం ముందు సమానం గుర్తులు కనిపించాయి. కాబట్టి ఈ కిటుకు వాడేవాళ్లకి నా మాట: హ్యాష్ వద్దు. టేబుల్ రిఫరెన్సుల్లో, కొత్త ఎక్సెల్ స్పిల్ రిఫరెన్సుల్లో (ఒకే ఫార్ములా జవాబు పరుచుకున్న సెల్స్ అన్నిటినీ చదివేవి) కూడా హ్యాష్ వస్తుంది. నేను సమానం గుర్తుని 'జెడ్‌జెడ్=' గా మారుస్తాను, అంటే ముందు రెండు జెడ్‌లు తగిలిస్తాను. వెనక్కి వచ్చేటప్పుడు 'జెడ్‌జెడ్=' ని '=' గా మారుస్తాను. మామూలు ఫార్ములాలో ఆ జోడీ ఎక్కడా ఉండదు, అందుకని వేరేదేదీ దెబ్బతినదు. ఏ షీటులోనైనా మొదలుపెట్టే ముందు ఆ జోడీ ముందే ఉందేమో ఒకసారి వెతకడం మంచిది.

మరి ఉన్నదున్నట్టు కాపీ ఎప్పుడు?

ఆ కిటుకుని నేను తీసిపారెయ్యడం లేదు. వారానికి ఒకసారైనా వాడతాను. ఒక్క సెల్ అయితే అంత పని కూడా అక్కర్లేదు. ఫార్ములా బార్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి కాపీ కొట్టి, ఎస్కేప్ నొక్కి, వేరే సెల్‌లో పేస్ట్ చేస్తే అక్షరం కూడా మారదు. ఎస్కేప్ నొక్కడం మర్చిపోయి వేరే సెల్ మీద క్లిక్ చేస్తే ఆ సెల్ పేరు ఫార్ములాలోకి దూరుతుంది, కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది అక్కడే. సరిగ్గా పై సెల్‌లోని ఫార్ములా కావాలంటే కంట్రోల్, సింగిల్ కోట్ మీటలు కలిపి నొక్కితే చాలు.

కట్ చేసి పేస్ట్ చేసినా రిఫరెన్సులు మారవు. కానీ అది కాపీ కాదు, ఇల్లు మారడం. ఆ సెల్‌ని చదివే మిగతా ఫార్ములాలన్నీ దాని వెంటే కొత్త చోటికి వెళ్తాయి.

షీటు మొత్తానికి ఇంకో ప్రతి కావాలంటే కంట్రోల్ నొక్కి పట్టుకుని కింది ట్యాబ్‌ని పక్కకి లాగితే సరి. షీటు పేరు లేని రిఫరెన్సులన్నీ కొత్త షీటులోని అవే సెల్స్‌ని చదువుతాయి. నిజానికి రెండు ప్రతిపాదనలూ పక్కపక్కన కనిపించాలన్న నియమం లేకపోతే నేను ఈ దారే పట్టేవాణ్ణి.

ఉన్నదున్నట్టు కాపీ అసలు అవసరం పడేది ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకి వెళ్లేటప్పుడు. ఫార్ములాలో వేరే షీటు పేరు ఉంటే, మామూలు కాపీలో పాత ఫైలు పేరు కూడా చదరపు బ్రాకెట్లలో ముందు వచ్చి కూర్చుంటుంది. డాలర్లు ఎన్ని పెట్టినా దాన్ని ఆపలేవు. కొత్త ఫైలు తెరిచినప్పుడల్లా లింకులు అప్‌డేట్ చెయ్యాలా అని అడుగుతుంది. అంతకన్నా ప్రమాదం, పాత ఫైలు అంకెలనే చూపిస్తూ ఉంటుంది. ఫార్ములాలని అక్షరాలుగా మార్చి తీసుకెళ్తే ఆ బెడద లేదు, కొత్త ఫైలులో అదే పేరుతో షీటు ఉంటే దాన్నే చదువుతుంది. ఆ పేరుతో షీటు లేకపోతే, సమానం గుర్తు తిరిగి పెట్టే సమయంలో ఫైలు ఎంచుకోమని ఒక విండో తెరుచుకుంటుంది. అప్పుడు క్యాన్సిల్ చేసి ముందు షీటు పేరు సరిచేయాలి. ఇప్పటికే లింకులు వచ్చేసి ఉంటే ఎడిట్ లింక్స్‌లో ఛేంజ్ సోర్స్‌కి వెళ్లి కొత్త ఫైలునే చూపిస్తే అవి పోతాయి.

నోట్‌ప్యాడ్ దారి కూడా ఉంది. ట్యాబ్ మీటకి పైన ఉండే మీటని కంట్రోల్‌తో నొక్కితే షీటులో జవాబుల బదులు ఫార్ములాలు కనిపిస్తాయి. వాటిని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో, అక్కడి నుంచి కావలసిన చోట. ఫార్ములాల్లో ఎవరైనా ఆల్ట్ ఎంటర్‌తో లైన్లు విడగొట్టి ఉంటే నోట్‌ప్యాడ్‌లో ముక్కలై కొటేషన్ గుర్తులు చేరతాయి కాబట్టి నాకు ఇది రెండో ఎంపిక.

ఆ షీటులో తర్వాత ఇంకొక్క మార్పు చేశాను. మీటింగు అయ్యాక మూడో ప్రతిపాదన కావాలని కబురు వచ్చింది. ప్రతిసారీ $బి$ ని వెతికి మార్చడం నాకు నచ్చలేదు. బి2, బి3 లను కట్ చేసి బ్లాకు నెత్తి మీద జి2, జి3 లలో పెట్టాను. ఫార్ములాలు వాటి వెంటే వచ్చి $జి$2, $జి$3 అయ్యాయి. అక్షరం ముందున్న డాలర్ తీసేసి జి$2, జి$3 చేశాను. సి2, సి3 లని కూడా అలాగే ఎల్2, ఎల్3 లకి పంపాను. ఇప్పుడు ప్రతి బ్లాకూ తన నెత్తి మీది రేట్లనే చదువుతుంది. సహోద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని మూడో బ్లాకు ఆవిడ చేతే చేయించాను. 2వ వరుస నుంచి 47వ వరుస దాకా మొత్తం కాపీ, పి కాలమ్ దగ్గర మామూలు పేస్ట్, క్యూ2, క్యూ3 లలో కొత్త రేట్లు. వెంటనే ఆవిడే జి2 కి వెళ్లి 300 కొట్టి, పి నుంచి ఎస్ దాకా ఏదైనా కదిలిందా అని చూశారు.